ఉప్పు వేయని ముద్ద

కారియకూ దీవి కొండలు వెనకబడి, యూనియన్ దీవి శిఖరాలు ముందు పైకి లేస్తున్న చోట జెఫ్రిన్ చుక్కాని పిడిని మోకాలితో అదిమిపట్టి, తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి సముద్రంలో వేశాడు. మొక్కజొన్న పిండి ముద్ద, దాని మీద చేప ముక్క. అది ఒకటి రెండు అలల మీద తేలి, తర్వాత కనపడలేదు.

కింద వంటగదిలో అయోనీ పక్కకి ఒరిగిన నేల మీద ఒక కాలు, గోడకి ఒక కాలు తన్నిపెట్టి గిన్నె తోముతోంది. మెట్ల సందులోంచి అంతా చూసింది.

"తిండి దండగ చేస్తున్నావు బావా," అంది తల పైకి పెట్టి. "పైగా అందులో ఉప్పుంది. పోయినవాళ్ళకి ఉప్పు పెట్టరని మీ అమ్మ నీకు చెప్పలేదా?"

"చేపలకేశా," అన్నాడు జెఫ్రిన్.

"చేపలకైతే సరే. అవి ఉప్పులో పుట్టినవే."

రెండు దీవుల మధ్య ఉన్న ఈ సముద్రపు పాయ దాటే ప్రతిసారీ ఇదే మాట, ఇదే జవాబు. ఆరేళ్ళ కిందట ఇక్కడే అయోనీ మొగుడు లినస్ చిన్న పడవేసుకుని, పెద్ద రొయ్యల కోసం నీళ్ళలో దించిన బుట్టలు తీయడానికి ఒంటరిగా వెళ్ళాడు. సాయంత్రానికి పడవ దొరికింది, తెడ్లు దొరికాయి, బుట్టలు కూడా దొరికాయి. మనిషి దొరకలేదు. జెఫ్రిన్ అతని అన్న. తమ్ముడు పోయాడని ఆ వారంలోనే ఒప్పుకున్నాడు. అయోనీ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఒప్పుకోకపోవడానికి ఆమె దగ్గర రెండు ఆధారాలు ఉన్నాయి. దక్షిణాన మార్గరీటా దీవికి సరుకు తోలే ఓడవాడొకడు, అక్కడి రేవులో అచ్చం లినస్ లాంటివాణ్ణి చూశానని, పక్కన ఒక ఆడమనిషి కూడా ఉందని చెప్పాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ మాట అయోనీ చెవిన పడకుండా చెప్పుకోవాలని చాలా పాట్లు పడ్డారు. అయోనీయే వాళ్ళ గుమ్మాలకి వెళ్ళి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఆమెకి కావలసింది ఆ కబురే. బతికుంటే చాలు, పక్కన ఎవతె ఉందన్నది తర్వాత తేల్చుకోవచ్చు. రెండో ఆధారం ఇంతకంటే గట్టిది. ఆరేళ్ళలో లినస్ ఆమె కలలోకి ఒక్కసారీ రాలేదు. కారియకూలో చనిపోయినవాళ్ళు కలలోకి వస్తారు. ఆకలేస్తోందంటారు, దాహమంటారు, నా తలకాడ రాయి ఎప్పుడు పెడతారని అడుగుతారు. అలా అడిగినప్పుడే ఇంటివాళ్ళు విందు చేసి రాయి నిలుపుతారు, అడగందే నిలపరు. లినస్ అడగలేదు. అంటే అడగవలసిన అవసరం అతనికి ఇంకా రాలేదని అయోనీ లెక్క.

పైగా అతను ఊరుకునే రకం కాదు. వండింది నోట్లో పెట్టకముందే ఉప్పు డబ్బాకి చెయ్యి చాచే మనిషి. పెళ్ళయిన మొదటి ఏడాదంతా ఆ డబ్బా మీదే ఇద్దరికీ పోట్లాట. అలాంటివాడు ఆరేళ్ళు ఏదీ అడక్కుండా ఉంటాడా?

పడవ పేరు అడెలా. అన్నదమ్ముల తండ్రి కారియకూలో తమ విండ్‌వర్డ్ ఊరి ఒడ్డున దేవదారు చెక్కలతో కట్టి, భార్య పేరు పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఉల్లిపాయలూ సిమెంటూ మేకలూ మోసింది. ఇప్పుడు దీవి నుంచి దీవికి ఊరికే తిరగాలని ముచ్చటపడే మనుషుల్ని మోస్తోంది. మేకలే నయం, ప్రశ్నలు వేయవు అంటాడు జెఫ్రిన్. ఈసారి ఎక్కినవాళ్ళు హాలండ్ నుంచి వచ్చిన దంపతులు యోస్ట్, లీన్. ఇద్దరూ ఉద్యోగాలు అయిపోయినవాళ్ళు, ఇద్దరూ మంచివాళ్ళు, ఇద్దరూ ఎండకి కాలిన రొయ్యల్లా ఉన్నారు.

వాన జల్లు ఒకటి వచ్చిపడింది. యోస్ట్ కిందికి దిగి, మెట్ల పక్కన కొక్కేనికి వేలాడుతున్న పసుపు రంగు వానకోటు అందుకోబోయాడు.

"అది కాదు," అంది అయోనీ. "మీకు ఇంకోటిస్తాను."

"ఇది ఎవరూ వాడటం లేదనుకున్నాను."

"దాని మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఇక్కడ లేడు, అంతే."

యోస్ట్ కోటు వదిలేసి తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు. పైన జెఫ్రిన్ ఆ మాట విన్నాడు, తెరచాపల వైపు చూస్తూ ఉండిపోయాడు.

*

టొబాగో చిట్టి దీవుల దగ్గర లంగరు వేసి, అక్కడి నుంచి బెక్వియా చేరేదాకా జెఫ్రిన్ సరిగ్గా మాట్లాడలేదు. మామూలుగానే మితభాషి కాబట్టి అయోనీ పట్టించుకోలేదు. బెక్వియాలో ఆమె సంతకి వెళ్ళి, సీమపనసలూ నిమ్మకాయలూ ఎర్ర చేపలూ బేరమాడి తెచ్చింది. రేవులో కింగ్స్‌టౌన్ నుంచి వచ్చిన పెద్ద ఓడ సరుకు దింపుతోంది. తను లేని సమయంలో అడెలా ముక్కు కొద్దిగా నీళ్ళలోకి దిగినట్టు ఆమెకి అనిపించింది. నీళ్ళ పీపాలు నింపి ఉంటాడనుకుంది.

సీమపనసలు పెట్టడానికి ముందు గదిలోకి వంగింది. తెరచాపల సంచుల మీద పొడుగ్గా ఏదో పడుకుని ఉంది. దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి. నాలుగు అంచులూ మంచం మీద దోపినట్టు చక్కగా లోపలికి దోపి ఉన్నాయి.

కారియకూ మనిషికి ఆ దుప్పటి చూస్తే చాలు. తలకాడి రాయి ఇంటికి వస్తే దాన్ని నేల మీద పడేయరు. విందు రోజు దాకా మంచం మీద పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పుతారు. అయోనీ తన అమ్మ రాయికి అలాగే కప్పింది, తండ్రి రాయికీ కప్పింది. చేతిలో కాయలు కింద పెట్టి, ఒక అంచు లాగి చూసింది.

*లినస్ లెండోర్. సముద్రంలో ఉన్నవాడు. భార్య అయోనీ, అన్న జెఫ్రిన్ నిలిపిన రాయి.*

ఆమె అంచు మళ్ళీ దోపి, పైకి వచ్చింది. జెఫ్రిన్ తాడు చుట్ట చుడుతున్నాడు. దంపతులు ఒడ్డున ఉన్నారు.

"నా పేరు ఎవరు చెక్కమన్నారు?"

జెఫ్రిన్ తాడు చుట్టడం ఆపలేదు. "భార్య పేరు ఉండాలి కదా. లేకపోతే బాగోదు."

"నేను నిలపని రాయి మీద నేను నిలిపానని రాయించావు. నన్నడిగావా? ఒక్క మాట? నాకు చెప్పకుండా, నా ఉల్లిపాయల బస్తా పక్కన, నా మొగుణ్ణి తెచ్చి పడుకోబెట్టావు."

"రాయి చూస్తే కాదనలేవనుకున్నా."

"అంటే నన్ను ఇరికిద్దామనుకున్నావు."

జెఫ్రిన్ తాడు కింద పెట్టాడు. "వాడొచ్చాడు అయోనీ."

"ఎక్కడికి?"

"కల్లోకి."

రేవులో ఎవడో పీపాలు దొర్లిస్తున్నాడు. అయోనీ ఆ చప్పుడు అయ్యేదాకా ఆగింది. తెరచాప కొయ్య మొదట్లో కూచుంది.

"నీ కల్లోకా?"

"నా కల్లోకే."

"ఏమన్నాడు?"

"రాయి కావాలన్నాడు."

"ఇంకా?"

"అంతే."

"నా గురించి అడగలేదా?"

జెఫ్రిన్ గడ్డం గీరుకున్నాడు. "తొందరలో ఉన్నాడు."

"ఆరేళ్ళు ఏ తొందరా లేదు గానీ, నా పేరు తల్చుకోడానికి తొందరొచ్చిందా?" అంది అయోనీ. "టాంటీకి చెప్పావా?"

టాంటీ సెడోనియా అన్నదమ్ముల మేనత్త, కుటుంబానికి పెద్ద. ఎవరి కలైనా ఆమె విని ఔనంటేనే కల.

"చెప్పా. రాయి తెమ్మంది. కానీ పెళ్ళాం కాదంటే నిలపనంది. అలా పెట్టిన రాయి నిలవదట."

అయోనీ లేచి కిందికి వెళ్ళింది. కొక్కేనికి ఉన్న వానకోటు తీసి, మడతపెట్టి, తన సంచీ అడుగున పెట్టుకుంది. రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. వాడు లేడు. లేనివాడు ముందుగా అన్న దగ్గరికి వెళ్ళాడు. ఏది ఎక్కువ నొప్పిగా ఉందో ఆమెకే తెలియలేదు. రెండోదే ఎక్కువేమోనని అనుమానం వచ్చి సిగ్గుపడింది.

*

మేరో దీవి వైపు వెనక గాలి. అడెలా చాప పూర్తిగా బయటికి చాచి, ఊగుతూ తీరిగ్గా పోతోంది. ఇలాంటి పూట అయోనీ పైన కూచుని దంపతులకి దీవుల పేర్లు చెప్పాల్సింది. ఆ రోజు కిందనే ఉండి కొబ్బరి కోరుతూ ఏడ్చింది. ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఏడిస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఏడవలేదు. ఇప్పుడు ఆపుదామన్నా ఆగలేదు. కోరుతూ లినస్‌తో మాట్లాడింది. బతికున్నవాణ్ణి అడగలేని మాటలన్నీ అడిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయా, నేనావేళ పొద్దున్న విసుక్కున్నందుకు కోపంగా పోయావా, మీ అన్న కంటే నేను నీకు పరాయిదాన్నా?

లీన్ మంచినీళ్ళ కోసం దిగి ఆమెని చూసింది. రెండో కొబ్బరి చిప్ప తీసుకుని ఎదురుగా కూచుని తనూ కోరడం మొదలుపెట్టింది. చేతకాదు, రెండు నిమిషాల్లో వేలి కణుపు గీరుకుంది. నోట్లో వేలు పెట్టుకుని, మళ్ళీ కోరింది.

లంగరు వేశాక ఇంకోటి జరిగింది. యోస్ట్ ఈతకొట్టి వచ్చి, తడి కాలితొడుగులూ కళ్ళద్దాలూ ముందు గదిలో ఆ తెల్ల దుప్పటి మీద ఆరబెట్టాడు. బల్ల అనుకున్నాడు పాపం. జెఫ్రిన్ పై కిటికీలోంచి చూసి, "తియ్యవయ్యా అవి!" అని అరిచాడు. గిరాకీ మీద అతను గొంతెత్తడం అయోనీ ఎన్నడూ వినలేదు.

యోస్ట్ తీసేలోపే జెఫ్రిన్ కిందికి దిగాడు. తొడుగులు పక్కన పెట్టి, తన చొక్కా విప్పి, దుప్పటి మీది తడిని దానితో అద్దాడు. రుద్దలేదు, అద్దాడు. తర్వాత అంచులన్నీ మళ్ళీ ఒక్కొక్కటే దోపాడు. జ్వరంతో పడుకున్నవాడి దుప్పటి సర్దినట్టు సర్దాడు. "ఏం లేదురా, నీళ్ళే," అని గొణిగాడు. వంటగదిలోంచి అయోనీకి వినపడింది.

"క్షమించాలి," అన్నాడు యోస్ట్. "అదేమిటో నాకు తెలీదు."

"మా తమ్ముడు," అన్నాడు జెఫ్రిన్.

యోస్ట్ నెత్తి మీది టోపీ తీసేసి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడాలో తెలియక, అయోనీ కాఫీకి పిలిచేదాకా నిలబడే ఉన్నాడు.

*

మేరో ఖాతంలో నీళ్ళు పొద్దున్నే అద్దంలా ఉంటాయి. దంపతులు చిన్న పడవలో ఒడ్డుకి వెళ్ళారు. అయోనీ వెనక చెక్క మీద కూచుని చేపల పొలుసు గీస్తోంది. జెఫ్రిన్ ఎదురుగా కూచుని తెగిన తాడు పోగులు విప్పి, కొత్త తాడులోకి అల్లుతున్నాడు. కల మాట విన్న దగ్గర్నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమే మొదలుపెట్టింది.

"చిక్కిపోయాడా బావా?"

జెఫ్రిన్ తాడు మీంచి తల ఎత్తలేదు. "ఎవరు?"

"ఇంకెవరు? కల్లో."

"లేదు. బాగానే ఉన్నాడు."

"ఏ చొక్కా వేసుకున్నాడు?"

"తెల్ల చొక్కా."

"తెల్లదా!" అయోనీ కత్తి ఆపింది. "వాడు తెల్ల చొక్కా వేసుకోగా నేను చూళ్ళేదు, పెళ్ళికి కూడా నీలందే. అక్కడిచ్చి ఉంటారు. పాపం, సరిపోయిందా? భుజాల దగ్గర వాడికేదీ పట్టదు. బిగుతుగా ఉందా? నువ్వు చూశావు కదా, చెప్పు."

ఆమె ముఖంలో కోపం లేదు. వాళ్ళాయన గురించి ఏ చిన్న ముక్క దొరికినా దాచుకుందామన్న ఆత్రం, అంతే. జెఫ్రిన్ చేతుల్లో పోగులు విడిపోయాయి.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు," అన్నాడు. "వాడు రాలేదు."

"ఏంటి?"

"కల రాలేదు. నాకూ రాలేదు, నీలాగే. ఆరేళ్ళుగా ప్రతి పూటా తల్చుకుని పడుకుంటా. రాడు. నేనే అల్లి చెప్పా."

అయోనీ అతన్ని చేతిలో చేపతో కొట్టినంత పని చేసింది. చెయ్యి లేచింది కూడా. "నీకు సిగ్గుందా? చచ్చినవాళ్ళ పేరు చెప్పి అబద్ధమా? టాంటీ ముందు! నన్ను రెండ్రోజులు... రెండ్రోజులు నన్ను..."

"కొట్టు," అన్నాడు జెఫ్రిన్. "కొట్టి విను. పోయినవాళ్ళ పండగకి ఊరంతా గోరీల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారా? అమ్మకొకటి పెడతా, నాన్నకొకటి పెడతా. చేతిలో ఒకటి మిగిలిపోద్ది. దాన్ని ఎక్కడ పెట్టను? ఒకసారి రేవు చివర పెట్టా. గాలికి నిలవలా. మళ్ళీ వెలిగించా, మళ్ళీ ఆరింది. పిల్లలు చూసి నవ్వారు. ఏటేటా దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటన్నా. నాకు కూచోడానికి ఒక చోటు కావాలే. ఒంటరిగా ఎందుకు పోయావురా వెధవా అని తిట్టడానికైనా ఒక చోటు కావాలి. నాకు కావాలంటే టాంటీ ఒప్పుకుంటుందా? పోయినవాడు అడగాలంటది. వాడు అడగడు. అందుకని వాడి నోటితో నేనడిగా."

అయోనీ చెయ్యి దించింది. ఒకసారి చేప కళ్ళలోకి చూసింది.

"అయితే బతికే ఉన్నాడన్నమాట," అంది.

"నేనామాట అన్లేదు."

"నువ్వనక్కర్లేదు."

"సరే," అన్నాడు జెఫ్రిన్. "దిగగానే టాంటీకి నిజం చెప్పేస్తా. అందరి ముందే చెప్తా. రాయిని పడవ అడుగున బరువు రాళ్ళలో వేసేస్తా, పేరు కిందకి పెట్టి. నీ పేరు ఎవరికీ కనపడదులే."

"ఊరు నిన్ను బతకనివ్వదు. చచ్చిన తమ్ముడి పేర అబద్ధమాడాడంటారు."

"అననీ."

అతను మళ్ళీ తాడు అందుకున్నాడు. అయోనీ చేపలు కడిగి కిందికి వెళ్ళింది. సంచీ అడుగునుంచి వానకోటు తీసి, మడతలు విప్పి, కొక్కేనికి తగిలించింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది.

ఇది ఆమె ఆనందించాల్సిన పూట. పోయిన ఆశ ఎవరో తెచ్చి ఇచ్చారు. మార్గరీటా మళ్ళీ ఉంది, రేవు మళ్ళీ ఉంది, దాని మీద లినస్ నిలబడి ఉన్నాడు, పక్కన ఆ ఆడమనిషి. కానీ ఆ మనిషితో ఏం మాట్లాడాలో అయోనీకి తోచలేదు. కొబ్బరి కోరుతూ మాట్లాడినవాడు వేరు. వాడు ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నంత దగ్గరగా ఉన్నాడు. ఆరేళ్ళుగా బతికి ఉన్న లినస్ ఏనాడూ అంత దగ్గరికి రాలేదు. ఆమె కోటు కొక్కెం మీంచి తీసింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ తీసి చేతి మీద వేసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలా నిలబడింది.

*

యూనియన్ రేవులో, పాయ దాటితే వేరే దేశం కాబట్టి, దీవి వదిలే ముందు కస్టమ్స్ అతను పడవ ఎక్కాడు. ముందు గదిలోకి తొంగి చూసి, "సరుకా?" అని అడిగాడు. తర్వాత దుప్పటి దోపిన తీరు చూసి తనే నాలిక్కరుచుకున్నాడు. అతనూ ఈ దీవులవాడే. "మీ ఇంటికే కదా తీసుకెళ్తున్నారు? వెళ్ళిరండి," అని మెల్లిగా దిగిపోయాడు.

పాయలో గాలి గట్టిగా ఉంది. జెఫ్రిన్ పెద్ద చాపని ఒక మడత తగ్గించి కట్టాడు. అడెలా పక్కకి ఒరిగి, కుడి వైపు పై చెక్క నీళ్ళు తాగుతూ కారియకూ వైపు పరుగెత్తింది. లీన్ తాడు పట్టుకుని నవ్వుతోంది. యోస్ట్ బట్టలు తడిసి వణుకుతున్నాడు.

జెఫ్రిన్ కూచున్న చోటు నుంచి వంట పొయ్యి కనపడుతుంది. అయోనీ మొక్కజొన్న పిండి ఉడుకుతుంటే గరిటెతో తిప్పుతోంది. పక్క గిన్నెలో చేపలు. మామూలుగా ఆమె నీళ్ళు మరగ్గానే ఉప్పు వేస్తుంది. ఈ పూట వేయలేదు. పిండి దగ్గరపడ్డాక, చేప ఉడికాక, ఒక రేకు పళ్ళెం తీసి, అందులో ఒక ముద్దా ఒక చేప ముక్కా పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పింది. అప్పుడు ఉప్పు డబ్బా మూత తీసి రెండు గిన్నెల్లోనూ వేసి కలిపింది.

జెఫ్రిన్ అదంతా చూశాడు. 

అయోనీ ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో పసుపు కోటు పట్టుకుని పైకి వచ్చింది. కోటు యోస్ట్ భుజాల మీద వేసింది.

"దీని మనిషి ఉన్నాడన్నారు కదా?" అన్నాడు యోస్ట్.

"తొడుక్కోండి. మీకు సరిపోతుంది."

పడవ ఒరిగిన వైపు అంచు చెక్కని పట్టుకుని ఆమె మోకాళ్ళ మీద కూచుంది. నీళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉరుకుతున్నాయి. గుడ్డ తీసి, రెండు చేతులతో పళ్ళెం వంచింది. "లినస్, తిను," అంది. "ఆలస్యమైంది. కోపం తెచ్చుకోకు." ఆమె ముఖమంతా తడిసింది, అందులో సముద్రం వాటా ఎంతో ఎవరికీ తెలియదు.

వెనక పెద్ద చాప దబదబ కొట్టుకుంది. పడవ గాలికెదురు తిరిగి ఆగిపోయినంత పనైంది. నలభై ఏళ్ళుగా చుక్కాని పట్టినవాడు గాలి తప్పిపోనిచ్చాడు.

"బావా, పడవ చూసుకో," అంది అయోనీ వెనక్కి తిరక్కుండా.

అతను చూసుకున్నాడు. ఆమె అక్కడే, అతని కళ్ళెదుటే, ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, విండ్‌వర్డ్ రేవు చేరేదాకా కూచుంది. కింద దంపతులిద్దరూ తమంతట తామే వడ్డించుకుని తిన్నారు.

*

రేవు చెక్కల మీద టాంటీ సెడోనియా బోర్లించిన పెట్టె మీద కూచుని ఉంది. చేతిలో కర్ర, నెత్తిన పాత టోపీ. చుట్టూ కుటుంబం మగవాళ్ళు ఐదారుగురు, రాయి మోయడానికో, మోయక్కర్లేదని వినడానికో వచ్చారు. ఏ పడవ ఎప్పుడు కనపడిందో ఊరికి చెప్పనక్కర్లేదు.

తాళ్ళు కట్టడం అయ్యాక జెఫ్రిన్ రేవెక్కి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టాంటీ, నేనొక మాట చెప్పాలి. అందరూ వినండి. ఆ కల ఉంది చూశావూ..."

"కల నాకూ వచ్చింది టాంటీ," అంది అయోనీ పడవలోంచే.

టాంటీ కర్ర అటు తిప్పింది.

"నీక్కూడానా? ఎప్పుడే?"

"ఇవాళే. పాయలో. కాస్త కునుకు పట్టింది."

"ఈ గాలిలో కునుకా?"

"పట్టింది మరి."

టాంటీ కళ్ళు చికిలించి చూసింది. ఆమె ఎనభై ఏళ్ళలో ఎన్నో కలలు విన్నది. తిండి మీద ఆశతో చెప్పినవి, పంతంతో చెప్పినవి, రమ్ము తాగి చెప్పినవి. అల్లిన కలని ఆమె రెండు ప్రశ్నల్లో విప్పేస్తుందని ఊరికి తెలుసు.

"వచ్చి ఏమన్నాడు?"

అయోనీ అంత దూరం ఆలోచించుకోలేదు. జెఫ్రిన్ వైపు చూసింది. అతను తల దించుకుని తన పాదాల వైపు చూస్తున్నాడు. ఖాళీ పళ్ళెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"తిట్టాడు," అంది.

"తిట్టాడా?"

"ఉప్పు లేని కూడు ఎవడు తింటాడే అన్నాడు. ముద్ద నోట్లోనైనా పెట్టలేదు టాంటీ. పళ్ళెం చూసి చూడగానే డబ్బా ఏదీ అని చెయ్యి చాచాడు."

టాంటీ సెడోనియాకి నవ్వు వచ్చింది. ముందు బోసి నోటితో నిశ్శబ్దంగా, తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి టోపీ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"వాడే," అంది. "అయితే వాడే. ఇంకేం చూస్తారురా? ఎత్తండి రాయి."

మగవాళ్ళు పడవలోకి దిగారు. జెఫ్రిన్ తల వైపు పట్టుకున్నాడు. మెట్ల దగ్గర అతను అయోనీని దాటాల్సి వచ్చింది. ఏదో అనబోయాడు గానీ బరువు మీద ఊపిరి ఆడలేదు.

"జాగ్రత్త బావా," అంది ఆమె. "మెట్టు తడిగా ఉంది."

దుప్పటి ఒక మూల జారి వేలాడుతోంది. అయోనీ దాన్ని లోపలికి దోపి, పళ్ళెం చంకలో పెట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది.